గుండుకు సరిపోని మాస్క్

రేడియేషన్ గదిలో కొత్తగా పనికి చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మాస్క్ చేసే ముందు పేషెంట్‌ను షుగర్ ఉందా, బీపీ ఉందా, పళ్లు కట్టించుకున్నారా అని అడగండి. ఆ తర్వాత, తీర్చాల్సిన మొక్కు ఏమైనా ఉందా అని కూడా అడగండి. మొదటి మూడూ ఫారంలో ఉంటాయి. నాలుగోది ఉండదు. చేర్చమని మూడుసార్లు రాసిచ్చాను. పరిశీలిస్తామన్నారు. నేను రిటైరై రెండేళ్లు కావస్తోంది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

ముప్పై ఏళ్లకు పైగా కరీంనగర్‌లో ఒక కేన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ టెక్నీషియన్‌గా పనిచేశాను. మా దగ్గరికి వచ్చే జనం మాటల్లో చెప్పాలంటే కరెంటు పెట్టేవాణ్ని. అది కరెంటు కాదని మొదటి పదేళ్లు అందరికీ సరిదిద్ది చెప్పాను. తర్వాత మానేశాను.

గొంతుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకూడదు. అందుకని చిల్లులున్న ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి పేషెంట్ ముఖం, మెడ, భుజాల మీద పరిచి ఒత్తుతాం. పావుగంటలో అది ఆ మనిషి ఆకారంలోనే గట్టిపడుతుంది. అదే మాస్క్. దాన్ని బల్లకు బిగించి స్కాన్ తీస్తాం. ఆ స్కాన్ మీద లెక్కలు వేసి, కిరణాలు ఎటు నుంచి ఎంత పోవాలో ఫిజిసిస్ట్ ప్లాన్ తయారుచేస్తారు. ఇక చికిత్స పూర్తయ్యేదాకా ఆ తలకూ ఆ మాస్క్‌కూ మధ్య వేలు దూరే సందు ఉండకూడదు.

మా ఫిజిసిస్ట్‌ది సిరిసిల్ల. తండ్రి జీవితమంతా వేరొకరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసినవాడు. ఆమె నాకంటే పదిహేనేళ్లు చిన్న, హోదాలో నాకంటే పెద్ద. నేను మేడమ్ అనేవాణ్ని, ఆమె నన్ను అన్నా అనేది. పోయిన ఏడు ఆమె గుండెపోటుతో చనిపోయింది. ఇది రాయడానికి అది ఒక కారణం. పొగిడితే ఆమెకు విసుగు. కాబట్టి జరిగింది మాత్రమే రాస్తాను.

ఆ పేషెంట్ ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి వేలం పిలిచే మనిషి. యాభై దాటాయి. మహారాష్ట్ర వైపు నుంచి కూడా రైతులు వస్తారు కాబట్టి ధర తెలుగులో పిలిచి, మరాఠీలో ముగించేవాడట. యార్డు ఈ గేటు దగ్గర పిలిస్తే ఆ గేటు దగ్గర బండి మీద పడుకున్నవాడు లేచేవాడని అతని భార్య చెప్పింది. అతను చెప్పలేకపోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురు దాటి గుసగుసలోకి దిగింది. అతను వాక్యం మొదలుపెడితే ఆమె పూర్తిచేసేది. ఒక్క ప్రశ్న మాత్రం ఆమెను పూర్తి చేయనివ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టి తనే అడిగాడు.

"ఆపరేషన్ అయినంక మల్ల పిలువొస్తదా సార్?"

మామూలుగా ఆ దశలో స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెడతారు. ప్రాణం నిలబెట్టే మంచి వైద్యమే అది. మాట మాత్రం పోతుంది. మా దగ్గర అప్పుడే చేరిన కుర్ర డాక్టర్ ఒక కొత్త పద్ధతికి అనుమతి తెచ్చాడు. ఆపరేషన్‌కు ముందే సెలైన్‌లో ఇమ్యూనోథెరపీ మందు ఎక్కించి, వెంటనే గడ్డ వరకే గురిపెట్టి ఐదు విడతలు పెద్ద మోతాదు రేడియేషన్ ఇవ్వడం. కేన్సర్ మన ఒంట్లోని రక్షక కణాల కంట పడకుండా తప్పించుకుంటుంది. మందు ఆ రక్షక కణాలను మేల్కొలుపుతుంది. రేడియేషన్ దెబ్బకు చచ్చిన కేన్సర్ కణాలు వాటికి ఆనవాలు అవుతాయి. రెండూ కలిసి గడ్డను తగ్గిస్తే సర్జన్ కోసేది తగ్గవచ్చు, కొంత గొంతు మిగలవచ్చు. డాక్టర్ ఇదంతా ఓపికగా చెప్పి, మిగలకపోనూ వచ్చు అని రెండుసార్లు అన్నాడు.

పేషెంట్ భార్య వైపు తిరిగి గుసగుసగా ఏదో అన్నాడు. ఆమె నవ్వుతూ మాకు వినిపించింది. "దొంగను జూపెట్టి పోలీసోళ్లను లేపుడు అంటుండు."

డాక్టర్‌కు ఆ మాట నచ్చింది. తర్వాత ప్రతి పేషెంట్‌కూ అదే చెప్పేవాడు, తన సొంతంలా.

ఈ పద్ధతికి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రి కమిటీ పర్యవేక్షణ ఉండేది. నిబంధనలు రెండు గుర్తుంచుకుంటే చాలు. మందు ఎక్కించాక మూడు రోజుల్లో రేడియేషన్ మొదలవ్వాలి. సూచనలు పాటించని పేషెంట్‌ను జాబితా నుంచి తీసేస్తారు. తీసేస్తే మామూలు ఆపరేషన్, అంటే మాట పోయినట్టే.

గురువారం మాస్క్ చేశాను. ఒత్తైన జుట్టు మెడ మీదికి దిగి ఉంది. గడ్డం ఛాతీకి తగులుతోంది. ఏడాదిగా కత్తెర పడలేదని భార్య చెప్పింది. మన వైపు బుద్ధిగా ఉద్యోగం చేసుకునే మనిషి ఏడాది పాటు జుట్టు వదిలేశాడంటే ఏమిటి అర్థం? నాది హుస్నాబాద్ పక్క పల్లె. నాకు తెలియనిదా? తెలుసు. కానీ యాప్రాన్ వేసుకుని ఆ గదిలోకి పోగానే తెలిసినవి కొన్ని బయట వదిలేసి పోతాం. జుట్టు బల్ల మీద సర్దడానికి కష్టంగా ఉందని మాత్రం విసుక్కున్నాను.

సూచనల కాగితం ఒకటి ఉంది. రెండు పేజీలు, ఇంగ్లిష్‌లో. జుట్టు తీయించుకోరాదు, గడ్డం గీయరాదు అని రెండో పేజీలో ఉంది. దాని మీద సంతకాలు పెట్టించే కోఆర్డినేటర్ అమ్మాయి, విషయం నేను వివరిస్తానని అనుకుంది. ఆమె వివరించిందని నేను అనుకున్నాను. పేషెంట్ సంతకం పెట్టాడు. అందరి పనీ అయిపోయింది.

సోమవారం మందు ఎక్కింది. మధ్యాహ్నం అతని భార్య మా గదికి వచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. లడ్డూ. ఎక్కడిదమ్మా అంటే బాసర అంది. నిన్న పోయి వచ్చినం అంది. మంచిది అన్నాను. కళ్లకద్దుకుని తిన్నాను కూడా. పైన డేకేర్ వార్డులో నర్సులంతా తిన్నారు. పేషెంట్ తల మీద తువ్వాలు కప్పుకుని మందు ఎక్కించుకుంటూ పడుకున్నాడు. ఏసీ చలికి కప్పుకున్నాడని అనుకున్నారట. అంతమంది చదువుకున్నవాళ్లం. బాసర లడ్డూ తింటూ, ఒక ఏడాది జుట్టు పెంచిన మనిషి బాసర ఎందుకు పోయాడని ఒక్కరికీ తోచలేదు.

బుధవారం ఉదయం మొదటి విడత. ప్లాన్ సిద్ధంగా ఉంది. మేడమ్ ముందురోజే దాన్ని సరిచూసి పెట్టి, తండ్రి సంవత్సరీకానికి సిరిసిల్ల వెళ్లింది. నేను గోడ కొక్కెం మీద నుంచి మాస్క్ తీసి, బల్ల మీద అమర్చి, పేషెంట్‌ను పిలిచాను. అతను లోపలికి వచ్చి తువ్వాలు తీశాడు.

నున్నటి గుండు. గడ్డం లేదు, మీసం లేదు. మనిషిని గుర్తుపట్టడానికే క్షణం పట్టింది.

మాస్క్ పెట్టి చూశాను. దవడ దగ్గర నా రెండు వేళ్లు దూరాయి. వెనక జుట్టు లేకపోయేసరికి తల కిందికి దిగింది, దాంతో మెడ వంపే మారిపోయింది.

అప్పుడు నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అరిచాను. బయట కూర్చున్నవాళ్లంతా తొంగిచూసేంత గట్టిగా అరిచాను. బుద్ధుందా, నెత్తి ఎవడు గొరిగించుకోమన్నడు, ఇంతమందిమి నీ కోసం కొట్లాడుతుంటే నువ్వు చేసేది ఇదా అన్నాను. అతను బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. నేను ఆగాక, ఆ మిగిలిన గొంతుతో మూడు మాటలు అన్నాడు.

"మీరు చెప్పలే సార్."

భార్య తలుపు దగ్గర నుంచి మిగతాది చెప్పింది. ఏడాది కింద గొంతు పట్టినప్పుడు షార్జాలో ఉన్న మరిది ఫోన్‌లోనే మొక్కాడట. గొంతు బాగుపడాలని, చదువుల తల్లికి అన్న తలనీలాలు ఇప్పిస్తానని. మాట ఇచ్చే తల్లి ఆమే కదా అని. అతను దిగివచ్చాక తీర్చాలనుకున్నారు, సెలవు దొరకలేదు. ఇంతలో ఆపరేషన్ మాట వచ్చింది. "కోసినంక తీరిస్తే ఏం లాభం సార్. ముందే తీర్చాలె గద. అప్పు వెట్టుకొని ఆపరేషన్‌కు పోతరా ఎవలన్న?"

ఇంతలో ఆమె చేతిలోని ఫోన్ మోగింది. షార్జా నుంచి మరిది, వీడియోలో. మొదటి రోజు కరెంటు ఎట్లా పెడతారో చూడాలని. అన్న గుండు చూపించమన్నాడు, చూసి దండం పెట్టాడు. తర్వాత ఫోన్ నా వైపు తిప్పమన్నాడు. "సార్, ఇగ ఫికర్ లేదు. మొక్కు తీరింది. మీ పని మీరు చేస్కోండ్రి." నేను ఫోన్ కట్ చేయమన్నాను.

నా మొదటి ఆలోచన మోసకారి ఆలోచన. గుడ్డ మడిచి తల కింద పెట్టి, దవడ దగ్గర దూది కుక్కి బిగించాను. మిషన్ మీద ఎక్స్‌రే తీసి పాత స్కాన్‌తో పోల్చాం. గడ్డ దగ్గర నాలుగు మిల్లీమీటర్ల తేడా. వెనక వెన్నుపాము మరీ దగ్గరగా వచ్చింది. డాక్టర్ ఒక్క చూపు చూసి ఇది కుదరదన్నాడు. మాస్క్ మళ్లీ చేసి, స్కాన్ మళ్లీ తీసి, ప్లాన్ మళ్లీ వేయడానికి మామూలుగా నాలుగైదు రోజులు. మాకున్నది గురువారం సాయంత్రం దాకా.

డాక్టర్ హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. గడువు పెంచడం గురించి ఆలోచిస్తామని, కారణం సాయంత్రంలోగా రాసి పంపమని అన్నారు. ఫోన్ పెట్టేశాక డాక్టర్ నా వైపు చూడకుండా మాట్లాడాడు. ఆస్పత్రి తప్పు అని రాస్తే కార్యక్రమం నుంచి మన ఆస్పత్రినే తీసేయవచ్చు. వెనక ఇంకా ఇద్దరు పేషెంట్లు ఉన్నారు. కాగితం మీద ఇతని సంతకం ఉంది. ఇతనికి మామూలు ఆపరేషన్ ఎటూ ఉంది, ప్రాణానికి భయం లేదు. ఇదీ అతని లెక్క. చెడ్డవాడు కాదు. ముగ్గురిలో ఇద్దరిని కాపాడదామనుకున్నాడు. నేను కాపాడదామనుకున్నది నన్ను. ఎనిమిది నెలల్లో రిటైర్మెంట్. మెమో లేకుండా బయటపడాలి.

రిజిస్టర్ తీసి రాశాను. "సూచనలు ఇచ్చినప్పటికీ పేషెంట్ పాటించలేదు." సంతకం పెట్టాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

ఆ తర్వాతే మేడమ్‌కు ఫోన్ చేశాను. మొత్తం విని, ముందు మాస్క్ చెయ్యి, స్కాన్ తియ్యి, నేను వస్తున్న అంది. అక్కడ కార్యం జరుగుతోందిగా అంటే, మా బాపు ఎటూ పోడన్నా అంది. మూడు గంటలకు బస్సు దిగి వచ్చింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చిందని తర్వాత తెలిసింది.

అప్పటికి నేను రెండో మాస్క్ చేసి స్కాన్ తీసి ఉంచాను. పేషెంట్, భార్య బెంచీ మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. మేడమ్ అతని గుండు మీద అరచెయ్యి పెట్టి, సొరకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదే మంచిగున్నది. మాస్క్ సాఫ్‌గ కూసుంటది. ముందే జేపిస్తే అయిపోతుండె."

ఆ రోజంతా ఆ ఇద్దరి ముఖాల్లో నవ్వు కనబడింది అప్పుడే. మేడమ్ నవ్వలేదు. లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబోతూ, తెరిచి ఉన్న రిజిస్టర్ చూసింది.

"గిది ఎవలు రాసిండ్రు?"

నేనే అన్నాను.

"సూచనలు ఎప్పుడిచ్చినవ్ అన్నా?"

కాగితంలో ఉన్నాయి, కింద సంతకం కూడా ఉందన్నాను.

"మా బాపు గూడ చానా కాగితాల మీద సంతకం వెట్టిండు. ఒక్కటి సుత చదవలే." ఆమె ఫైలులోంచి ఆ రెండు పేజీలు తీసి నా ముందు పెట్టింది. "నాకు తెలుగుల చదివి చెప్పు. నేను పేషెంట్‌ను అనుకో."

మొదటి వాక్యం చెప్పాను. రెండోదానిలో ఆగిపోయాను. ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చిన మాటలే. వాటికి మా అమ్మకు అర్థమయ్యే మాట ఒక్కటీ దొరకలేదు. మేడమ్ ఎదురుచూసింది. సాయం చేయలేదు.

చివరికి, ఎనిమిది నెలల్లో రిటైర్ అవుతున్నాను మేడమ్ అన్నాను.

"అయితే ఇంక దేనికి భయం?" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

మా రిజిస్టర్లలో తప్పును చెరపకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. ఒకే గీత గీయాలి, కింద రాసింది కనబడాలి, పక్కన సంతకం ఉండాలి. గీత గీశాను. కింద ఇలా రాశాను: "జుట్టు గురించి పేషెంట్‌కు ఎవరమూ చెప్పలేదు. మాస్క్ చేసిన టెక్నీషియన్‌గా చెప్పాల్సింది నేను." దస్తూరి ఈసారి బాగా రాలేదు. డాక్టర్ అది రెండుసార్లు చదివాడు. తర్వాత, రెండు వాక్యాలూ కనబడుతున్నాయి, పంపితే రెండూ పోతాయి అన్నాడు. పోనివ్వండి అన్నాను. అతను ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పంపాడు. పంపాల్సిన బాధ్యత అతనిది. కావాలంటే ఆపేయగలడు. ఆపలేదు. అది కూడా చెప్పాలి.

హైదరాబాద్ వాళ్లు ఒక్క రోజు ఇచ్చారు, శుక్రవారం దాకా. మా ఆస్పత్రిని తీసేయలేదు. తెలుగులో సూచనల కాగితం తయారుచేయమన్నారు, నాకు మెమో ఇవ్వమన్నారు. నాలుగు రోజుల ప్లాన్‌ను మేడమ్ గురువారం సాయంత్రానికి ముగించింది. ఆ రెండు రోజులూ ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూలన నా టీ గ్లాసు పక్కన తన గ్లాసు పెట్టడం మానేసింది. శుక్రవారం ఉదయం కొత్త మాస్క్ బిగించాక నా దగ్గరికి వచ్చి, దవడ దగ్గర వేలు పెట్టి చూసింది. దూరలేదు. పెట్టు అన్నా అంది.

ఐదు విడతలూ అయ్యాయి. మధ్యలో గొంతు వాచి, మింగలేక, ఒక రోజు భార్య మళ్లీ నా మీదికి వచ్చింది, మీరు వెట్టిన కరెంటుకే గిట్లైందని. అది సగం నిజమే. కొన్ని వారాలకు సర్జన్ ఆపరేషన్ చేశాడు. స్వరపేటికలో ఒక భాగం తీసి, మిగతాది ఉంచగలిగాడు. తీసిన ముక్కలో బతికి ఉన్న కేన్సర్ కణాలు కొద్దిగానే కనబడ్డాయని రిపోర్టు వచ్చింది. మందు ఎంత చేసిందో, రేడియేషన్ ఎంత చేసిందో నాకు తెలియదు. ఒక మనిషికి జరిగినదాన్ని బట్టి వైద్యం గొప్పదని చెప్పకూడదని మేడమ్ అనేది. షార్జా తమ్ముడికి మాత్రం అనుమానం లేదు. అది బాసర మహిమ.

రిటైర్మెంట్ సభలో నన్ను మచ్చలేని ఉద్యోగి అన్నారు. అన్న పెద్దమనిషే మెమో మీద సంతకం చేశాడు. మేడమ్ వెనక వరుసలో కూర్చుని దగ్గింది.

పోయిన నెల తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బొంగురుగా, తెగి తెగి వస్తున్న గొంతు. ఎవరు కావాలని రెండుసార్లు అడిగాను, విసుక్కున్నాను, పెట్టేయబోయాను. అప్పుడు ఆ గొంతు, "ఏక్ వార్, దోన్ వార్, తీన్ వార్" అంది.

మరాఠీలో వేలం ముగించే పిలుపు. మనిషిని పోల్చుకున్నాను. వేలం పిలవడానికి ఆ గొంతు చాలదట. యార్డు గేటు దగ్గర మైకులో బండ్ల నంబర్లు పిలిచే పని ఇచ్చారట. మైకు ఉంటే గొంతుతో పనేముంది సార్ అన్నాడు. మాటలన్నీ తనే పూర్తిచేశాడు, భార్య పక్కన ఉన్నట్టుంది కానీ అందుకోలేదు. తర్వాత అసలు సంగతి అడిగాడు. మేడమ్ ఫోన్ కలవడం లేదట. ఆమెకు ఒకసారి వినిపించాలట.

చెప్పాను. ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని అడిగాడు. అదీ చెప్పాను.

"మేడమ్‌కు తీరని మొక్కు ఏమన్న ఉన్నదా సార్?"

నాకు తెలిసి ఆమె ఏ దేవుడికీ ఏదీ మొక్కలేదు. లేదన్నాను.

"అయితే నేనే మొక్కుకుంట. ఆమె పేరు మీద బాసరల తలనీలాలు ఇస్త."

ఎక్కడ లేని విసుగు వచ్చింది. మళ్లీ గొరిగించుకుంటావా, ఇంత జరిగినా బుద్ధి రాలేదా అన్నాను.

"ఇప్పుడు మాస్క్ లేదు గద సార్" అన్నాడు.

నిజమే. ఈసారి ఆపడానికి నా దగ్గర కారణం లేదు.